తాడు పట్టుకున్న చెయ్యి

మొన్న ఆదివారం ఉదయం ఆరుంబావుకి పచ్చిమిరపకాయలు ఊరవేద్దామని వెనిగర్ సీసా మూత తీశాను. ఘాటు ముక్కుకి తగలగానే చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాకు అది వంటింటి వాసన కాదు. టాటానగర్ పక్కన బారిడీహ్‌లో ఒక క్వార్టరు, కంబళి కప్పిన కిటికీ, ఎర్ర బల్బు, ఫొటోలు కడిగే మూడు ఎనామెల్ పళ్ళేలు వరసగా, వాటి మీదికి వంగిన విశాలాక్షిగారు. మందునీళ్ళలో బొమ్మ తేలిన కాగితాన్ని ఆవిడ వెంటనే వెనిగర్ కలిపిన నీళ్ళలో వేసేవారు. "ఇంక చాలు అని దానికి మనమే చెప్పాల. లేకపోతే నల్లబడుతూనే ఉంటాది" అనేవారు. ఆవిడ పోయి నెల దాటింది. ఆవిడ పేరు ఏ పత్రికలోనూ రాలేదు, ఏ బహుమతీ ఆవిడకు రాలేదు. ఆవిడను ఎరగనివాళ్ళకు ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. భర్త చిన్నతనంలోనే పోయారు. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు కనుక నేనూ మాట్లాడను. మా వైపు అక్కను అప్ప అంటాం. అక్కడి తెలుగువాళ్ళందరికీ ఆవిడ విశాలప్ప.

డెబ్బైల చివర నేను తెలుగు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పేదాన్ని. అమ్మకు దగ్గు తగ్గకపోతే ఎక్స్‌రేకి తీసుకువెళ్ళాను. ఇంకా తడి ఆరని ఫిల్మును ఆవిడ వెలుతురుకి ఎత్తి చూస్తుంటే, నేను ఆవిడ భుజం పక్కనుంచి తొంగి చూసి, ఊపిరితిత్తులు బాగున్నాయా అని అడిగాను.

"బాగున్నాయో లేదో డాక్టరుగారు చెప్తారు. నీకేటి కనిపిస్తంది, అది చెప్పు."

"పక్కటెముకలు. ఇక్కడ తెల్లగా ఏదో ఉంది. పిన్నీసులా ఉంది."

అది అమ్మ జాకెట్టుకి పెట్టుకున్న పిన్నీసే. అన్నీ తీసేశానని చెప్పిన అమ్మ సిగ్గుపడి దాన్ని తీసింది. ఎక్స్‌రే మళ్ళీ తీశారు. వచ్చేటప్పుడు ఆవిడ నాతో, "ఎముకలు అందరూ చూస్తారు. నువ్వు పిన్నీసు చూసినావు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి రా" అన్నారు.

వెళ్ళాను. అక్కడ ఫొటోలు తీయడం నేర్చుకుంటూ ఇంకో ఇద్దరు ఉండేవారు. సింహాచలం ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేతు మీద పనిచేసేవాడు. అతని నోరు ఊరుకునేది కాదు. మోహన్ గోవింద్‌పూర్ నుంచి వచ్చేవాడు. అక్కడి ట్రక్కుల ఫ్యాక్టరీలో కొత్తగా చేరాడు. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాడు. మా నలుగురికీ కలిపి ఉన్నది ఒకటే కెమెరా, అప్పది. నెలకు ఒకటే ఫిల్ము రోలు. నెల మొదట్లో అప్ప బొమ్మలకు విషయంగా ఒక మాట చెప్పేవారు. ఆవిరి, తాళం, పక్కింటి గోడ, ఇలా. కెమెరా ఇల్లిల్లూ తిరిగేది. ఎవరి వాటా బొమ్మలు వాళ్ళు ఆ మాట మీద తీసి, పక్కవాళ్ళకు అందించాలి. నిషేధం ఒక్కటే. ఉక్కు కార్ఖానావాళ్ళు కాగే చిట్టెం, అంటే ఇనుము కరిగించాక మిగిలిన మడ్డి, పారబోసినప్పుడు సాయంత్రం ఆకాశం ఎర్రబడుతుంది చూడండి, దాన్ని తీయకూడదు. "అది చూడమని ఎవరికీ చెప్పక్కర్లేదు కదా" అనేవారు అప్ప.

అచ్చు వేసిన బొమ్మలను ఆదివారం చాప మీద బోర్లా పరిచేవాళ్ళం. ఒక్కొక్కటి తిప్పాలి. తీసినవాళ్ళు నోరు మెదపకూడదు. మిగతావాళ్ళు బాగుందనీ బాగాలేదనీ అనకూడదు, ఏం కనిపిస్తోందో అది మాత్రమే చెప్పాలి. అందరూ చెప్పడం అయ్యాక, చెప్పడానికి ఇంకేమైనా మిగిలి ఉంటే తీసినవాళ్ళు చెప్పవచ్చు. చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. ఆవిరి అన్న నెలలో సింహాచలం ఖాళీ టీ గ్లాసు బొమ్మ తీశాడు. మేము గ్లాసు అన్నాం, అడుగున టీ మరక అన్నాం, బల్ల మీద ఈగ అన్నాం. చివరికి అప్ప, "ఆవిరేదిరా?" అని అడిగారు.

"తాగీసినానప్పా. సల్లారిపోతే ఎవుడు తాగుతాడు?"

అప్ప నవ్వలేదు. ఆ బొమ్మను మళ్ళీ ఒకసారి చూసి, "ఈగ కాళ్ళు కూడా కనిపిస్తన్నాయి" అన్నారు. ఆ ఇంట్లో తీసినవాడికి అంతకు మించిన మెప్పు లేదు.

ఒక నెల ఆవిడ చెప్పిన మాట 'చివరిది'. ఆ నెలాఖరునే మా నాన్న రిటైరవుతున్నారు. నాన్న పేరు సూరయ్య. టాటానగర్ యార్డులో షంటింగ్ పని. ఎర్ర జెండా, పచ్చ జెండా చూపించి వ్యాగన్లను విడదీయించడం, కలిపించడం. ఇంట్లో ఆ పని గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. వచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం తిని పడుకునేవారు. ఆయన కుడిచెయ్యి ఎప్పుడూ సగం ముడుచుకునే ఉండేది. వాతమని అమ్మ రోజూ వేడి నువ్వులనూనె రాసేది. ఆయన అన్నేళ్ళు ఏం చేశారో చెప్పే గుర్తు ఒకటైనా ఉండాలని నాకు పట్టుదల. యార్డులోపల ఫొటోలు తీయనివ్వరు. ఆ రోజు దాటితే ఇక వీలు లేదు.

"నా ఫొటో ఎందుకే? నానేటి పెళ్ళికొడుకునా?" అన్నారు నాన్న.

"ఒక్కటే నాన్నా. గేటు బయట నిలబడతాను."

"నిలబడితే నిలబడు. నాను మాత్రం ఆగను."

కానీ ఆగారు. జెండాలు, దీపం లోపల అప్పగించి, ఎడమచేతిలో అన్నం క్యారియరుతో బయటికి వచ్చి, గేటు దాటాక ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. అప్పుడు నొక్కాను. రోలులో అదే ఆఖరి బొమ్మ. "అయిందా? పద, ఎండగా ఉన్నాది" అన్నారు.

ఇప్పుడు మా పొరపాటు గురించి చెప్పాలి. అది మా నలుగురికి తప్ప ఇంకెవరికీ జరగదేమో. తీయడం అయిపోయిన ఫిల్మును వెనక్కి చుట్టేటప్పుడు ఎవరైనా దాన్ని పూర్తిగా డబ్బీలోకి పోనిస్తారు. అప్ప మాకు అలా నేర్పలేదు. కొస కొంచెం బయటికి ఉంచమనేవారు. చీకట్లో డబ్బీ పగలగొట్టే పని లేకుండా ఆ నాలుక పట్టుకుని లాగడం ఆవిడకు అలవాటు. అయితే కొత్త రోలుకి కూడా నాలుక బయటే ఉంటుంది. నేను చుట్టిన రోలును కెమెరా సంచీలో వేసి బారిడీహ్ వెళితే అప్ప డ్యూటీలో ఉన్నారు. ఎప్పటిలాగే సంచీని పక్కింట్లో ఇచ్చి వచ్చేశాను. ఆవిడ ఇంటికి రాకముందే సింహాచలం వచ్చి, కొత్త నెల తన వంతని సంచీ తీసుకుపోయాడు. సంచీలో రోలుంది. అప్ప తన కోసం పెట్టిన కొత్త రోలనుకున్నాడు.

ఆ నెల మాట 'తాడు'. మరుసటి ఆదివారం సింహాచలం కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "కోప్పడకప్పా. పక్కింటోల మేకని తీద్దారంటే ఒక్క సోట నిలబడనేదు. రోలంతా మేకకే అయిపోనాది" అన్నాడు. అప్ప నావైపు తిరిగి, "పోయిన నెల రోలేదమ్మా పార్వతీ?" అన్నారు.

"సంచీలోనే పెట్టానప్పా."

సింహాచలం తన ఒళ్ళో ఉన్న కెమెరా వైపు చూశాడు. తరవాత ఎవరి వైపూ చూడలేదు.

అప్ప రోలు తీసుకుని లోపలికి వెళ్ళారు. కడిగిన ఫిల్మును పెరటి గుమ్మంలో వేలాడదీసి, ఆఖరి బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. "పార్వతీ, ఇలా రా" అన్నారు. దాచలేదు, ముందుగా ఓదార్చలేదు. తీసిన ఫిల్ము మీదే మళ్ళీ తీయడంతో రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాన్న మీద మేక ఉంది. మోహన్ తీసిన బొమ్మల మీదా మేకే.

"గల్తీ నాదేనప్పా" అన్నాడు సింహాచలం. అతని గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

"కోయీ బాత్ నహీ, ఫిర్ సే ఖీంచ్ లేంగే" అన్నాడు మోహన్, పోనీలే మళ్ళీ తీద్దామని.

"మళ్ళీ రిటైర్ చేయించి తీస్తావేటి?" అన్నారు అప్ప.

నేను ఇక రానన్నాను. ఆ ఒక్క బొమ్మా అచ్చు వేసి ఇస్తే తీసుకుపోతానన్నాను. "వేస్తాను. కానీ ముందు అందరం చూడాల. వచ్చే ఆదివారం మీ నాన్నగారిని కూడా తీసుకురా" అన్నారు.

"ఆయనెందుకప్పా? చూస్తే బాధపడతారు."

"బాధపడితే ఆయనే చెప్తారు కదా. నువ్వు చెప్పీడమెందుకు?"

నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చారు. చాప మీద కూర్చోమంటే వద్దని గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నారు. చాప మీద బోర్లా ఉన్నది ఒక్కటే బొమ్మ. అప్ప తిప్పారు. బొమ్మ నాదీ, సింహాచలానిదీ కనుక మా ఇద్దరికీ మాట్లాడే హక్కు లేదు. ముందుగా మోహన్, "ఏక్ బకరీ హై" అన్నాడు.

"మేక నాకూ అగుపిస్తన్నాది నాయనా" అన్నారు నాన్న. అప్ప కూడా నవ్వారు.

నాన్న బొమ్మను చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చూశారు. "గేటు. గేటు మీద మేక. ఇదిగో నాను. మేక తాడొచ్చి నా సేతిలో పడ్డాది." అని ఆగారు. నిజమే, మేక మెడ నుంచి వచ్చిన తాడు సరిగ్గా నాన్న కుడి పిడికిట్లోంచి పోయింది. నేను వారం రోజులు మేకను తిట్టుకున్నాను కానీ అది చూడలేదు. "జెండాలు లోపల ఇచ్చీసే వచ్చినాను. సెయ్యి సూడండి, ఇంకా పట్టుకునే ఉన్నాది."

"ఏటి పట్టుకుంది సూరయ్యగారూ?" అన్నారు అప్ప.

నాన్న బొమ్మలోంచి తల ఎత్తకుండానే చెప్పారు. "నాను కొత్తగా సేరిన ఏడాదమ్మా. పొద్దున్న మంచు. గురువులు అని నా జతగాడు రెండు వ్యాగన్ల నడుమ గొలుసు తగిలించడానికి దూరినాడు. ఆడి కాలు పట్టాల సందున ఇరుక్కున్నాది. నాను ఎర్ర జెండా ఎత్తినాను. డ్రైవరుకి మనుసులు అగుపించరు, జెండా ఒకటే అగుపిస్తాది. దించితే బండి కదుల్తాది. అరుద్దారంటే ఆ సప్పుడికి ఇనపడదు. అలాగే పట్టుకున్నాను. ఆడు కాలు లాక్కుని బయటికొచ్చి నా బుజం తట్టినా దించనేకపోనాను. ఆడే నా సేతి ఏళ్ళు ఒక్కోటీ ఇప్పినాడు."

అప్ప, "తరవాత?" అన్నారు.

"తరవాత ఏటున్నాది? టీ తాగినాం."

చూసినవాళ్ళు చెప్పడం అయింది కనుక ఇప్పుడు తీసినవాళ్ళ వంతు. సింహాచలం గొంతు సవరించుకుని, "బాబూ, మేక మా పక్కింటోలది. తాడు మాత్రం మీరే ఉంచుకోండి" అన్నాడు.

"రిటైరైనోడిని మేక కూడా మేపమంటావేటిరా?" అన్నారు నాన్న.

తిరిగి వస్తుంటే ఇంటి మలుపు దగ్గర నాన్న, "వచ్చే నెల మాటేటంట?" అని అడిగారు. ఆ రాత్రి అమ్మ నూనె గిన్నె తెచ్చినప్పుడు గురువులు సంగతి ఆమెకూ చెప్పారు. అమ్మ ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, ఎప్పటికన్నా నెమ్మదిగా రాసింది. మరుసటి నెల నుంచి కెమెరా మా ఇంటికి వస్తే నా వాటా, నాన్న వాటా అని రెండుండేవి. ఆయన బొమ్మలన్నీ ఒక పక్కకి ఒరిగి ఉండేవి. చాప మీద మాత్రం అందరికన్నా ఎక్కువ చూసేది ఆయనే.

ఆ రోజు అప్ప నన్ను ఓదార్చి, పాడైన బొమ్మ పాడైందని పక్కన పెట్టి ఉంటే, మా నాన్న చేతికి వాతమనే నేను ఈనాటికీ అనుకుంటూ ఉండేదాన్ని. ఫిల్ము దగ్గర అంతసేపు నిలబడినప్పుడే ఆవిడకు ఆ పిడికిలి కనిపించిందా అని చాలా ఏళ్ళ తరవాత అడిగాను. "లేదమ్మా. నేనూ మేకనే చూశాను" అన్నారు. కనిపించిందని అని ఉంటే నమ్మేదాన్ని. ఆవిడ చేసిందల్లా తన పద్ధతిని ఆ రోజు కూడా మానకపోవడమే. దానివల్ల ఏం బయటపడుతుందో ఆవిడకూ తెలియదు. నేను తరవాత బడిలో పనిచేసినన్నాళ్ళూ, ఏ పిల్లవాడి లెక్కయినా తప్పు అనే ముందు అందులో ఏం కనిపిస్తోందో వాణ్ణే చెప్పమన్నాను. చాలాసార్లు తప్పు వాడికే దొరికేది. అప్పుడప్పుడు నా తప్పు కూడా.

ఆ ఆదివారం తరవాత అప్ప ఒక కొత్త నియమం పెట్టారు. వాడిన రోలు నాలుక అంచును చిన్నగా మడవాలి. సింహాచలం ఎవరూ అడగకపోయినా మడత చూపించి మరీ ఇచ్చేవాడు. ఆవిడ పోయిన కబురు ఫోనులో చెప్పింది కూడా అతనే. చెప్పాల్సింది చెప్పేశాక, ఇద్దరం కొంతసేపు ఫోను పట్టుకునే ఉన్నాం.

మేక బొమ్మ మా హాల్లో ఉంది. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడుగుతారు. మీకేం కనిపిస్తోందని నేను అడుగుతాను. వాళ్ళు నవ్వి, తమ ఫోను తీసి తమ బొమ్మలు చూపిస్తూ, అవి ఎక్కడ తీశారో, ఎందుకు తీశారో ముందే చెబుతారు. నేను వింటాను. వాళ్ళు చెప్పడం అయ్యాక అందులో నాకు కనిపించినదాన్ని ఒకటి చెబుతాను. ఇప్పుడు వాడిన రోలు అంచు ఎవరూ మడవరు. బొమ్మను బోర్లా పెట్టి, చూసేవాళ్ళు చెప్పేదాకా ఆగడం కూడా ఎవరూ చేయడం లేదు.