గోడ దూకినవాడు

పక్కింటి కిటికీలోంచి ఇప్పుడు పోపు వాసన వస్తోంది. అద్దెకున్న విద్యార్థులు మనవాళ్లే. ఎంతమందో వాళ్లకూ స్పష్టంగా తెలిసినట్టు లేదు. నా చిన్నప్పుడు అదే ఇంటి నుంచి కాఫీ వాసన, ఎండలు తగ్గేవేళకు గరాజ్‌లో పెద్ద గిన్నెల్లో ఉడికే టమాటాల వాసన వచ్చేవి. ఆ ఇల్లు రోజా అనే ఇటలీ ముసలావిడది. మా నాయనమ్మ ఆమెను రోజమ్మ చేసేసి, టమాటాలు పిండడానికి పక్కన కూర్చుని, అందులో చింతపండు వెయ్యరేమని ఏటా బాధపడేది.

మేం వలస వచ్చిన కనాటా ఊళ్లో, చలికాలపు ఆదివారాల్లో, కిటికీ అంచుదాకా మంచు పేరుకున్నాక, ఇద్దరూ రోజమ్మ సోఫాలో ఒకే దుప్పటి కప్పుకుని ఇటలీ నుంచి వచ్చిన పాత సినిమా టేపు చూసేవాళ్లు. జర్మన్ సైనికులు ఆక్రమించిన ఊరు, వాళ్లను ఎదిరించి ఓ మేడమీద దాక్కున్న ప్రెస్సు కార్మికుడు. తెర కింద అక్షరాల్లో వచ్చే ఇంగ్లీషును నేను తెలుగు చేసేవాణ్ణి. నాయనమ్మకు నా తెలుగుతో పెద్దగా పని ఉండేది కాదు. "ఓ పిల్లా, తలుపు తియ్యకే! వడ్లగుమ్మిల దాచిపెట్టు!" అని తెరమీది అమ్మాయిని కేకలేసేది. రజాకార్ల కాలంలో ఆమె పెద్దన్న అడవికి పోయాడు. ఏమయ్యాడో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఆ సంగతి రోజమ్మకు ఇంగ్లీషులో చెప్పిందీ నేనే. అప్పట్నుంచి సైనికుల బూట్లు మెట్లెక్కగానే రోజమ్మ టేపు ఆపేసి, కాఫీ పెడతానంటూ లేచేది.

ఒక ఆదివారం ఆమె వంటగదిలో ఉండగా నాయనమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఒత్తురా. ఏమైతడో సూద్దాం."

ఒత్తాను. అతణ్ణి గోడకు నిలబెట్టి కాల్చేశారు. నాయనమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో చాలాసేపు తుడిచి, టేపు వెనక్కి తిప్పమంది.

"రోజమ్మకు జెప్పకు బిడ్డా. గోడ దుంకి తప్పిచ్చుకున్నడని జెప్పు."

చెప్పాను. టేపు ఎవరిదో, ఎన్నేళ్లుగా ఆమె దగ్గరుందో నాయనమ్మ మరిచిపోయింది. రోజమ్మ కాఫీ ట్రే పట్టుకుని నిలబడి, నాయనమ్మ ముఖం వంక చూసి, అవును, దూకాడు, తరువాత పెళ్లి కూడా చేసుకున్నాడు అంది.

"పిల్లలెందరట?" అంది నాయనమ్మ.

ముగ్గురట.

"పెండ్లాం మంచిదేనా?"

కొంచెం నోరెక్కువట. అటూ ఇటూ అనువాదం చేసేసరికి నా కప్పులో పాలు చల్లారిపోయాయి.

ఇద్దరూ పోయి చాలా కాలమైంది. గరాజ్‌లో ఇప్పుడు పరుపులున్నాయి. టేపు ఏ చెత్తబండి ఎక్కిందో తెలియదు. ఆ సినిమా చూసినవాళ్లెవరైనా అతను చచ్చిపోయాడనే అంటారు. కాదనేవాళ్లలో ఇక మిగిలింది నేనొక్కణ్ణే. నాకూ ఓపిక తగ్గుతోంది.