టేపు బిగిసిన వేపచెట్టు

దెయ్యాలంటే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. శ్మశానం పక్కన సర్వే చేసి, అక్కడే క్యారేజీ విప్పుకుని అన్నం తిన్న మనిషిని. అలాంటి నేను మిట్టమధ్యాహ్నం, మండుటెండలో, ఒక చెట్టు దగ్గర్నుంచి పారిపోయాను. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు.

నేను ప్రైవేటు సర్వేయర్ని. పొలాన్ని ప్లాట్లు చేసేటప్పుడు కొలతలతో పాటు అక్కడున్న చెట్ల జాబితా కూడా రాసిస్తాను. పెద్ద చెట్లుంటే ప్లానులో వాటికి చోటు వదలాలి. అది ఇష్టంలేని వాళ్ల కోసం వేపనీ చింతనీ కూడా సర్కారు తుమ్మ అని రాసేయడం నాకు అలవాటైపోయింది. సర్కారు తుమ్మను కొట్టేస్తే అడిగే నాథుడుండడు.

చీమకుర్తి దారిలో ప్లాట్లు చేయబోయే ఒక మిరపచేను గట్టున పదకొండు వేపచెట్లున్నాయి. కాయ కోసే కూలీలు ఆ నీడలోనే అన్నాలు తింటారు. నేను కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని పదకొండూ తుమ్మ అని రాసేశాను. హద్దు కొలవడానికి టేపు పట్టమని కోతలో ఉన్న మరియమ్మను పిలిచాను. చెట్ల పని అయిపోయిందన్నాను.

"కొలవకుండానే అయిపోయిందా సారూ? వాటిని కొట్టేత్తారా ఏంది?" అందామె.

నాకు చిర్రెత్తింది. "కొలుద్దాం పదమ్మా, నీ తృప్తి కోసం" అని అన్నిటికంటే పెద్ద చెట్టు దగ్గరికి నడిచాను.

ఆమె టేపును మాను చుట్టూ తిప్పి కొస నా చేతికిచ్చి, నా పక్కకు వచ్చి నిలబడింది. రెండు వందల పన్నెండు సెంటీమీటర్లు. నోటితో చెప్పుకుంటూ ఉండగానే టేపు బిగిసింది. కొస నా వేళ్ల మధ్య కాస్త జారింది. చూస్తే రెండు వందల పదిహేను. తర్వాత మెల్లగా వదులైంది. మళ్లీ బిగిసింది.

గాలి లేదు. మిరప ఆకు కూడా కదలడం లేదు. నా ఎడమచేతి వేళ్లు టేపుకీ బెరడుకీ మధ్య ఉన్నాయి. బిగిసినప్పుడు బయటికి రాలేదు. నిద్రపోతున్న మనిషి పొట్ట మీద చెయ్యి వేస్తే ఎలా లేచి పడుతుందో అలాగే ఉంది. 

మరియమ్మ మాను మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. "ఊపిరి తీత్తంది సారూ" అంది. కొంగు తలమీద కప్పుకుని "యేసయ్యా, యేసయ్యా" అనుకుంటూ వెనక్కి నడిచింది.

టేపు అక్కడే వదిలేసి కార్లో పడ్డాను. వేళ్ల మీద ఎర్రటి గీత రెండు రోజులుంది. ఆ రోజే, కార్లోనే కాగితం తీసి తుమ్మ అన్నది కొట్టేసి, పదకొండుసార్లు వేప అని రాశాను. వెంచరు యజమాని నానా మాటలూ అన్నాడు. చివరికి ఆ గట్టును పార్కు కింద వదిలారు. చెట్లు నిలిచాయి.

తెలిసిన వృక్షశాస్త్రం లెక్చరర్‌ని అడిగాను. మాను పగటికీ రాత్రికీ వెంట్రుకవాసి మారుతుందట, అంతేనట. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చెట్లను కాపాడానని మా వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి నేను భయపడి రాశాను. అంతకుముందు ఎన్ని ఊళ్లలో ఎన్ని చెట్లను తుమ్మ అని రాశానో నాకు గుర్తులేదు. వాటిలో ఒక్కదాని చుట్టూ కూడా టేపు పెట్టి చూడలేదు.