రాజబంటు రెండు గడులు

చదరంగం కొత్తగా నేర్చుకుంటూ తెల్లపావులతో ఆడేవారికి ఏ ప్రారంభం మంచిదని ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను. రాజు ముందున్న బంటును రెండు గడులు జరపండి. రాజు వైపునున్న గుర్రాన్ని, ఆపైన శకటును బయటకు తీయండి. రాజును ఏనుగు చాటున మూలకు చేర్చి కోటలో భద్రపరచండి. మంత్రిని తొందరపడి పంపకండి. కారణం చెప్పగలిగిన ఎత్తే కొత్తవారు వేయవలసిన ఎత్తు. ఈ అభిప్రాయం నాకు ఈనాటికీ మారలేదు. అయితే ఈ పాఠాన్ని నేను మొట్టమొదట చెప్పినది నా భార్యకు.

అవి యుద్ధపు రోజులు. నేను అనకాపల్లిలో ఉపాధ్యాయుడిని. ఆమెకు క్షయ అని వైద్యుడు తేల్చిన తరువాత మంచాన్ని వీధి వసారాలోకి మార్చాము. గాలి ధారాళంగా తగలాలన్నాడు. ఎవరూ మరీ దగ్గరగా కూర్చోరాదన్నాడు. అందుచేత మంచానికీ కుర్చీకీ నడుమ ఒక ఎత్తుపీట, దానిమీద చదరంగపు పలక. పావులు ఏటికొప్పాక లక్కవి; పసుపువి, ఎర్రవి. పసుపు పావులనే మేము తెల్లవి అనుకునేవాళ్ళం.

ఆమె తండ్రి ఉప్మాకలో చెరుకు రైతు. బెల్లం బండి తోలుకొని మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా మా వసారాలో కూర్చొని కూతురితో ఒక ఆట ఆడేవారు. దేశవాళీ చదరంగంలో ఆయనను ఓడించడం ఆ చుట్టుపక్కల ఎవరి తరమూ కాలేదు. అటువంటి మనిషి, కూతురికి జబ్బు చేసిన నాటినుండి ఆడిన ప్రతి ఆటా ఓడిపోసాగారు.

"మళ్ళీ నువ్వే గెలిసేవమ్మా! ఈ ముసిలాడి పరువు తీసేత్తన్నావు," అని నవ్వుతూ కండువా దులుపుకొని వెళ్ళేవారు.

ఆయన బండి మలుపు తిరిగేదాకా ఆమె కూడా నవ్వేది. ఆ తరువాత నావైపు తిరిగి ఒకనాడు ఇలా అన్నది: "ఏనుగుని ఊరికే వదిలేసేడు, చూసేరా? నేను చంటిపిల్లననుకుంటన్నాడా, పోయినదాన్ననుకుంటన్నాడా? ఒక్క ఆట నిజంగా గెలవాలండీ. మీ కాలేజీ ఆట నాకు నేర్పండి."

కళాశాలలో నేను నేర్చినది ఇంగ్లీషు పద్ధతి. దేశవాళీ ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రాజుకు కోట లేదు. దానికి బదులు, షా, అంటే రాజుమీద గురి, పడనంతవరకు, రాజు ఒక్కసారి గుర్రంలా ఎగరవచ్చు. ఆ ఎగురును నమ్ముకొని ఆ ఆటగాళ్ళు రాజును చివరిదాకా నడుమనే ఉంచుతారు.

ఏ ప్రారంభం నేర్పాలా అని నేను చాలా ఆలోచించాను. ఆదిలోనే బంటును బలియిచ్చి దాడికి దిగే పద్ధతి ఒకటున్నది. ఇచ్చినదానికి ఫలితం రాబట్టే నేర్పు లేనివారికి అది తగదు. మంత్రి ముందరి బంటుతో మొదలుపెట్టేది గట్టిదే కాని నిదానమైనది. నిదానానికి ఆమె దగ్గర వ్యవధి లేదు. ఆ మాట పైకి అనకుండా రాజబంటును ముందుకు జరిపాను.

అన్నీ ఒప్పుకున్నది గాని కోట దగ్గర మాత్రం మొరాయించింది.

"మూల గదిలో పెట్టి తలుపేసెయ్యడమేటండీ, జబ్బు మనిషిలాగ?"

"అది రక్షణ."

"నాకూ అలాగే చెప్పేరు," అన్నది.

కొంతసేపటికి తానే రాజును కోటలో పెట్టింది.

ఆ తరువాతి సంతకు తండ్రి వచ్చినప్పుడు ఆమె షరతు ముందే చెప్పింది. "ఈవేళ ఇంగిలీసు ఆట. రాజు ఎగరకూడదు. ఓడిపోడానికొచ్చేవా నాన్నా, ఆడడానికొచ్చేవా?"

"ఎలాగాడినా నువ్వే కదమ్మా గెలుత్తావు," అని ఆయన కూర్చున్నారు.

నేను నేర్పిన క్రమాన్ని ఆమె తప్పలేదు. కోట కట్టి, "నా రాజు తలుపేసుకున్నాడు. నీ రాజే వీధిలో తిరుగుతున్నాడు," అన్నది. ఆయన నవ్వారు గాని కొంతసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. గుర్రం, శకటు కలిసి ఆయన రాజు పక్కనున్న బంటుమీద గురిపెట్టి ఉన్నాయి. ఆమె అప్పుడు మంత్రిని తీసింది. ఆయన గడ్డం నిమురుకొన్నారు, పలకమీదికి వంగారు, చటుక్కున రాజును పట్టుకొని గుర్రంలా ఎగిరించి మూలగా దించారు.

"అదేటి నాన్నా! ఎగరకూడదన్నాను కదా!"

ఆయన తన చేతివైపే చూసుకొన్నారు. "మర్సిపోయేనమ్మా. సెయ్యి దానంతటదే ఎగిరిపోయింది."

రాజును తిరిగి పాత గడిలో పెట్టారు. ఎంత వెదికినా దారి లేదు. ఆమె ఆట కట్టించింది. ఆనాడు ఆయన పరువు మాట ఎత్తలేదు. కండువా దులుపుకోవడం కూడా మరచి వెళ్ళిపోయారు.

ఆమె ముఖంలో నేను చూచిన చివరి సంతోషం అదే. "నన్ను గెలిపించాలనుకుంటే రాజుని అలా ఎగిరిస్తాడేటండీ? భయపడ్డాడు. బతికించుకోడానికే ఎగిరించేడు," అన్నది.

మళ్ళీ గానుగలు ఆడే కాలం రాకముందే ఆమె కన్నుమూసింది.

కొత్త బెల్లం మార్కెట్టుకు వచ్చిన రోజుల్లో ఆయన మా వసారాకు వచ్చారు. మంచం లేదు. పీటమీద పలక మాత్రం ఉన్నది. నిలబడే అడిగారు.

"బాబూ, ఆవేళ నేను కావాలని ఓడిపోలేదు. ఆ పిల్లకి తెలుసునా?"

ఆమె అన్న మాట ఉన్నదున్నట్లు చెప్పాను. విని ఆయన కుర్చీలో కూర్చున్నారు.

"బతికించుకుందామనే," అన్నారు. తరువాత పలకను తిప్పి పసుపు పావులను తనవైపు పెట్టుకొన్నారు. "అమ్మాయి మొదలెట్టినట్టు నాకు నేర్పు, బాబూ. ఏటీ రానోడికి సెప్పినట్టు సెప్పు."

"రాజు ముందున్న బంటు, మామయ్యగారూ."

ఆయన వేళ్ళు బంటును పట్టుకొని అలవాటు చొప్పున ఒక్క గడి జరిపి ఆగాయి. ఆయన నావైపు చూచి, దానిని ఇంకొక గడి ముందుకు తోశారు.