డైరీలో లేని దెబ్బలు

మా నాయిన డైరీ అంటే మా ఊళ్లో కోర్టు కాగితం కంటే ఎక్కువ. కొత్తకోట దాటాక వచ్చే చిన్న ఊరు మాది. ఎరువుల దుకాణం వాళ్లు ఏటా ఇచ్చే డైరీలో వాన ఎప్పుడు పడింది, పల్లి ఎప్పుడు విత్తారు, ఎవరి బర్రె ఈనింది, అన్నీ రాసేవాడు. ఒకసారి గట్టు కోసం అన్నదమ్ములిద్దరు కొట్టుకుంటే ఒకడి తల పగిలింది. ఆ గట్టు ఎప్పుడు వేశారో నాయిన డైరీ తెచ్చి చదివాకే రెండోవాడు గొడ్డలి దించాడు. ఆయన అబద్ధం రాయడని అందరికీ నమ్మకం. నిజమే, రాయలేదు. అమ్మను కొట్టిన రోజు కొట్టిన సంగతి మాత్రం వదిలేసేవాడు.

తెలంగాణ వచ్చిన రెండో ఏడు నాయిన కళ్లకు పొర కమ్మింది. అప్పటినుంచి పొద్దుగూకే ముందు ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. నాకు పదిహేనేళ్లు. రాశాక పైకి చదివించుకునేవాడు. చూపు పోయింది గానీ దెబ్బ గురి తప్పలేదు. అమ్మ గాజుల చప్పుడు విని కొట్టేవాడు. భరించలేక ఆమె గాజులు తీసి అటక మీద పెట్టింది. అది తెలిసిన రోజు, "నేను సావకముందే తీస్తివా?" అని ఇంకా ఎక్కువ కొట్టాడు.

ఆ వానాకాలం మా బర్రె తాడు విప్పుకుని పక్కవాళ్ల పల్లిచేలో పడింది. దాన్ని కట్టింది అమ్మ. నాయిన బోరు పైపు ముక్క అందుకున్నాడు. నేను అడ్డం పోతే ఒక్క తోపుకు గోడకు పోయి కొట్టుకున్నాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎండుకట్టె విరిగినట్టు ఎముక విరిగింది. ఆ చప్పుడు ఆయనకూ వినబడింది. ఇంకో రెండు వేశాకే ఆగాడు.

దవాఖానలో పట్టీ కట్టించుకుని సాయంత్రానికి ఇల్లు చేరాం. నాయిన ఎప్పటిలాగే మంచం మీద కూర్చుని రాయమన్నాడు.

"బర్రె తాడు ఇప్పుకున్నది. మీ అమ్మ కొట్టంల జారిపడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నది."

నాకు ఒళ్లు మండిపోయింది. జరిగింది జరిగినట్టు రాశాను. చదవమంటే మాత్రం ఆయన చెప్పిన మాటలే అప్పజెప్పాను.

మూడోనాడు, అమ్మ చెయ్యి విరిగిందని విని మేనమామలిద్దరు ఆటోలో వచ్చి పెద్దమనుషులను కూర్చోబెట్టారు. కొట్టాడని తేలితే అమ్మనూ నన్నూ తీసుకుపోతారు. తేలకపోతే ఆ ఇంట్లోనే, ఆ పైపు ముక్క పక్కనే మా బతుకు. వాళ్లు పోయాక నా మీద పడతాడేమోనని భయపడి అమ్మ నోరు విప్పలేదు. నాయిన నవ్వాడు.

"నా మాట నమ్మకుంటే డైరీ ఉన్నది గద. తే బిడ్డా, అందరు ఇనేటట్టు సదువు."

డైరీ తెచ్చి తెరిచాను.

"నాయిన పైపుతో అమ్మను కొట్టిండు. చెయ్యి ఇరిగింది."

నీళ్లచెంబు వచ్చి నా కనుబొమ్మకు తగిలింది. నా గొంతు విని విసిరాడు. నెత్తురు కంట్లోకి దిగుతుంటే మిగిలిన ముక్క కూడా చదివాను. "ఇరిగినంక గూడ కొట్టిండు."

పెద్దమామ నాయిన అంగీ పట్టి మంచం మీంచి కిందికి ఈడ్చాడు. "నీ డైరీ ఎన్నడు అబద్ధం చెప్పదు గద బావా!" అంటూ చెంప మీద రెండు పీకాడు. పెద్దమనుషులు విడిపించేదాకా కొడుతూనే ఉన్నాడు. నాకు సంతోషమైంది. ఆ మాట ఇప్పటికీ దాచుకోను.

ఆటోలో అమ్మ పట్టీ కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డైరీ నా చంకలోనే ఉంది.

"అండ్ల తెల్లకాయితాలు ఇంకా ఉన్నయా?" అని అడిగింది.

"ఆర్నెల్లయి ఉన్నయమ్మా."

"అయితే రాయి. పాతయన్ని నేను చెప్త. ముందుగాల నువ్వు కడుపుల ఉన్నప్పటిది."

అమ్మమ్మ ఇంట్లో వారం రోజులు ఆమె చెప్పింది, నేను రాశాను. ఆ కాగితాలు సరిపోలేదు.