గుండం ఒడ్డున ఎర్రచీర

ఫొటోలో ఈదమ్మ చీర నల్లగా వచ్చింది. ఆమె ఎర్రచీర కట్టుకుందని నాకు బాగా గుర్తు. ఆమె కాళ్ల దగ్గరి నీళ్లు కూడా తారు పోసినట్టు నల్లగా ఉన్నాయి. డార్క్‌రూంలో ఆ తడి ప్రింటు చేతిలో ఉండగానే, ఇది బయటికి వెళితే ఒక గూడెం ఖాళీ అవుతుందని అర్థమైంది.

అది పోలీసు చర్య తరువాతి మొదటి చలికాలం. నేను హైదరాబాదులో ఒక దినపత్రికకు ఫొటోగ్రాఫర్‌ని. అచ్చంపేట పైన నల్లమల కొండల్లో రంగుల గుండం ఒకటి ఉందని విని, ఫొటో తెమ్మని పంపారు. విన్నదానికంటే బాగుంది. ఒడ్డున నీళ్లు పండుమిరప ఎరుపు, ఆపైన చిలకపచ్చ, నడుమ ముదురు నీలం. ఆ ఎరుపే చిక్కు తెచ్చింది. గొడవల రోజుల్లో నీళ్లలో ఎవరో విషం కలిపారని పుకారు. ఆ నీళ్లు తాగే గూడేన్ని రోడ్డు పక్క పాకల్లోకి దించాలని కొండకింది పోలీసు క్యాంపు అధికారి అనుకుంటున్నాడు. ఫొటో ఒక కాపీ తనకూ చూపించమన్నాడు. ఈదమ్మ ఆ గూడేనికి పెద్ద.

తప్పు నాదే. అప్పట్లో మేము ఫిల్ముకు బదులు వాడే చవక గాజుప్లేట్లకు ఎరుపు ఆనదు. అందుకే వాటిని ఎర్రదీపం వెలుతురులో నిశ్చింతగా కడిగేవాళ్లం. ఎర్రనిదేదైనా వాటి మీద నల్లగా వస్తుంది. రోజూ చేసే పనే అయినా, కొండమీద ఆ సంగతి తట్టలేదు.

మా న్యూస్ ఎడిటర్ అప్పటికే ‘విషపు గుండం’ అని శీర్షిక రాసి ఉంచారు. చీర సంగతి చెప్పాను.

“గుండం ఫొటో తెమ్మంటే చీర పంచాయితీ తెచ్చినవేందయ్యా!” అన్నారు గానీ, శీర్షిక కొట్టేశారు. అన్ని రంగులనూ పట్టే ఖరీదైన ప్లేట్లు రెండు బీరువాలోంచి తీసిచ్చారు.

మళ్లీ కొండెక్కిన నన్ను చూసి ఈదమ్మ నవ్వింది. “మళ్ల వచ్చినవా బిడ్డా? మా నీళ్లు యాడికన్న పారిపోతయనుకున్నవా?”

పాత ప్రింటు చూపించాను. “నా చీర గిట్ల నల్లగ చేసినవేంది? గీ నీళ్లు మా అవ్వ తాగింది, నేను తాగుతున్న. నువ్వు తాగినవా?”

లేదని ఒప్పుకున్నాను.

“జర తాగు. మిషిన్ తర్వాత.”

దోసిలి పట్టి తాగాను. కొంచెం ఇనుము రుచి.

“ఇగ నీకు విషమెక్కింది, మాతోనే ఉండు” అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

అదే చీర, అదే చోటు; మళ్లీ ఫొటో తీశాను. ఈ ప్లేట్లకు ఎర్రదీపం పనికిరాదు. తిరిగొచ్చి డార్క్‌రూం తలుపులు బిగించి, కటిక చీకట్లో వేళ్లతో తడుముకుంటూ కడిగాను. చీర లేత బూడిదరంగులో వచ్చింది. నీళ్లూ అంతే.

రెండు ప్రింట్లూ అధికారి బల్ల మీద పక్కపక్కన పెట్టి, మొదటి ప్లేటు మీద ఎరుపు నల్లగా వస్తుందని చెప్పాను. ఆ చీర ఎర్రదేనని నమ్మకమేమిటని ఆయన అడిగాడు. కబురు పెడితే ఈదమ్మ కొండ దిగి వచ్చింది, అదే చీరలో.

“ఆ రోజు కట్టింది ఇదేనా?”

“నాకున్నది గిదొక్కటే దొరా.”

అధికారి ఒకసారి చీరనూ, ఒకసారి మొదటి ప్రింటునూ చూశాడు. నీళ్లను పరీక్షకు పంపాలనీ, ఫలితం వచ్చేదాకా గూడేన్ని కదిలించొద్దనీ కాగితం మీద రాశాడు.

అప్పటినుంచి ఉద్యోగం వదిలేదాకా ప్రతి ప్లేటు కవరు మీద ప్లేటు రకం, కంటికి కనిపించిన రంగులు రాసి పెట్టాను. గూడెం కొండమీదే ఉంది. సీలు వేసి పరీక్షకు పంపిన నీళ్ల సీసాకు మాత్రం నాకు తెలిసినంతలో జవాబు రాలేదు. ఆ ఒడ్డున నీళ్లు ఎందుకు ఎర్రగా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలియదు.