గన్‌మెటల్ వాల్వూ, సిద్ధగోరాలో సముద్రమూ

1997 జనవరిలో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక కర్మాగారంలో నీటి విభాగానికి డిప్యూటీ మేనేజర్‌గా వేశారు. అప్పటికి ఆ ఊరు బీహార్‌లోనే ఉంది. పంపుహౌసులు, శుద్ధి ప్లాంటు, కూలింగ్ టవర్లు నా అధీనంలో ఉండేవి. నేను చెప్పబోయే పని మాత్రం ఆ జాబితాలో లేదు.

మా విభాగాధిపతిగా రిటైరైన సోమయాజులు గారు ఆ ఊళ్లోనే సిద్ధగోరా పేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆయన భార్య అన్నపూర్ణ గారు జంతుశాస్త్రం పాఠాలు చెప్పిన టీచరు, పుట్టిల్లు భీమిలి. మోకాళ్లు పాడై ప్రయాణాలు మానేశారు. ఆవిడ సముద్రం దగ్గరికి వెళ్లలేరు కాబట్టి, హాల్లో ఎనిమిది అడుగుల ఉప్పునీటి తొట్టి కట్టి అందులో పగడపు జీవుల్ని పెంచుదామని ఆయన పట్టుదల. దానికి కావలసిన యంత్రాలన్నీ నన్నే ఎంచి పెట్టమన్నారు. చాకిరీ వీలైనంత తక్కువగా ఉండాలన్నది షరతు, ఎందుకంటే చెయ్యడానికి ఇంట్లో మరెవరూ లేరు.

ఆవిడ షరతు వేరు. అంతకుముందు ఒక చిన్న తొట్టి ఉండేదట. ఒక ఉదయం అందులోని చేపలన్నీ వెల్లకిలా తేలాయట. "చచ్చినవాటిని ఇంకోసారి నా చేత్తో ఎత్తలేను బాబూ. అలా అయ్యేటట్టుంటే ఇప్పుడే వద్దనండి" అన్నారు. ఆ మాట నా డ్రాయింగు మీద ఎక్కడా రాసుకోలేదు గానీ, పని మొత్తం దాని మీదే నిలబడింది.

మా ప్లాంటు మనుషులకు ఒక జబ్బుంది. ప్రతి పంపుకీ పక్కనే ఇంకొకటి పెట్టి, ఒకటి నడిచేది, ఒకటి స్టాండ్‌బై అంటాం. నా మొదటి డ్రాయింగులో పంపులు నాలుగు, ఎయిర్ బ్లోయర్లు రెండు, వాల్వులు పదకొండు. అన్నపూర్ణ గారు కళ్లజోడు పెట్టుకుని చూసి, వీటికి నూనె పెట్టేది ఎవరని అడిగారు. సిగ్గుపడి సగం కొట్టేశాను. చివరికి మిగిలినవి: తొట్టి కింద సంప్, అంటే నీళ్లు దిగి శుభ్రపడే రెండో తొట్టి, నీళ్లని పైకి తోసే పంపు, మురికిని నురగగా బయటికి లాగే స్కిమ్మర్, మే నెల ఎండకి నీళ్లు వేడెక్కకుండా ఒక చిల్లర్, ఆవిరైన నీటిని దానంతటదే భర్తీ చేసే ఫ్లోట్ వాల్వు, కరెంటు పోతే బ్యాటరీ మీద గాలి కొట్టే చిన్న పంపు.

వీటన్నిటికీ తోడు నేను మురిసిపోయిన వస్తువు ఒకటుంది. పంపు ఆగితే పై తొట్టి నీళ్లు అదే గొట్టంలోంచి వెనక్కి వచ్చి సంప్ పొంగి హాలు మునుగుతుంది. దానికి నాన్‌-రిటర్న్ వాల్వు, అంటే నీళ్లని వెనక్కి రానివ్వని వాల్వు పెట్టాలి. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుంది, గన్‌మెటల్ పట్టదు. పాతికేళ్లుగా నాకు తెలిసిన పాఠం అది. కొత్త గన్‌మెటల్ వాల్వు కొనితెచ్చి, బట్టతో తుడిచి మరీ బిగింపించాను.

బిగించింది సింహాచలం. మా పంపుహౌసులో సీనియర్ ఫిట్టరు, ఉండేది ఊళ్లోని బర్మామైన్స్ బస్తీలో, వయసులో నాకన్నా పెద్ద. సెలవు రోజున వచ్చి సాయం చేసేవాడు. గొట్టాలన్నీ అతికించాక సెలవు పెట్టి సొంతూరికి పోయాడు. నేను ఇసక పరిచి, ఉప్పునీళ్లు నింపి, పది రోజులు ట్రయల్ నడిపాను. చుక్క లీకు లేదు. మద్రాసులో ఇలాంటి జీవుల్ని అమ్మే వ్యాపారికి, మొదటి పార్సిల్‌ని, అంటే జీవులు అంటుకుని ఉన్న రాళ్లు, మెత్తని పగడాలు, నాలుగు రొయ్యల్ని రైలెక్కించమని ఫోన్ చేశాను.

పార్సిల్ మా టాటానగర్ స్టేషన్‌లో దిగడానికి ముందురోజు ఉదయం సింహాచలం ఊరినుంచి తిరిగొచ్చి చూడ్డానికి వచ్చాడు. తొట్టిలో ఏం వేస్తారని అప్పుడే మొదటిసారి అడిగాడు. చెప్పాను. అతను వాల్వు దగ్గర కూర్చుని దాని మీద వేలు పెట్టాడు.

"ఏటి బాబూ, రొయ్యలేత్తారా ఇందల? మా బామ్మర్ది భీవిలి కాడ రొయ్యపిల్లల హేచరీల పన్జేత్తన్నాడు. ఆల్లు ఇత్తడి కుళాయి కూడా లోపలికి రానీరు. ఓపాలి ఎవుడో ఎట్టేసినాడంట, పిల్లలన్నీ పోనాయి. చేపలకైతే నాకు తెల్దు, రొయ్యకి మాత్రం రాగి జహర్ బాబూ, ఇసం."

గన్‌మెటల్ అంటే రాగీ తగరమూ. తుప్పు పట్టకపోయినా, ఉప్పునీళ్లలో కొద్దికొద్దిగా కరుగుతుంది. మా గొట్టాలకి అది లెక్కలోకి రాదు. వెన్నెముక లేని జీవికి ఆ కొద్దిపాటే చాలు. నాకు నమ్మకం కలగక సీసాలో నీళ్లు పట్టుకుని మా ల్యాబుకి వెళ్లాను. కెమిస్టు రసాయనం వేయగానే రాగి ఉన్నట్టు రంగు తిరిగింది.

తిరిగొచ్చేదాకా ఒకటే ఆలోచన. వాల్వు పీకేసి, నీళ్లు మార్చి, ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. కానీ ఇసక కూడా రాగిని పీల్చుకుని ఉంటుంది. అదీ పారెయ్యాలంటే చెప్పక తప్పదు. సింహాచలం ఎదుటే దంపతులిద్దరినీ కూర్చోబెట్టి, తప్పు నాదేననీ, పట్టుకున్నది సింహాచలమనీ చెప్పాను. సోమయాజులు గారి ముఖం ఎర్రబడింది. అన్నపూర్ణ గారు మాత్రం సింహాచలం వైపు తిరిగారు.

"చావకముందే చెప్పావు నాయనా. ఈ ఇంట్లో అలా జరగడం ఇదే మొదటిసారి" అని, అతనికి కుర్చీ వెయ్యమన్నారు. అతను కూర్చోలేదు. పార్సిల్ రేపే దిగుతుంది కదా, డ్రమ్ములెక్కడున్నాయని అడిగాడు.

ఉప్పు కలపడానికి తెచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు ఆ వాల్వు నీళ్లు తగలకుండా ఉన్నాయి. వాటిలో కొత్త నీళ్లు కలిపి, బ్యాటరీ పంపుతో గాలి పెట్టి, పార్సిల్‌ని వరండాలో దింపుకున్నాం. మూడు వారాలు అవి అక్కడే ఉన్నాయి. రొయ్యలు నాలుగూ బతికాయి. ఈలోగా ఇసక పారేసి, తొట్టి కడిగి, గొట్టాలు మార్చాం. ఇంకో వాల్వు పెట్టలేదు. గొట్టం మూతిని నీటిమట్టానికి కాస్త కిందే ఉంచి, దానికి చిన్న చిల్లు పెట్టమన్నాడు సింహాచలం. పంపు ఆగి నీళ్లు ఆ చిల్లు దాకా దిగగానే గాలి పట్టి గొట్టం వెనక్కి లాగడం మానేస్తుంది. దిగిన ఆ కాసిని నీళ్లకి సంప్‌లో చోటు చాలింది. అంటే నేను మురిసిపోయిన వస్తువు అసలు అవసరమే లేదు.

2008లో నేను రిటైరయ్యేనాటికి ఆ తొట్టి నడుస్తూనే ఉంది. పంపు ఒక్కసారే మార్చాం. చుట్టం చూపుగా వెళ్లినప్పుడల్లా అన్నపూర్ణ గారు నన్ను సోఫాలో, సింహాచలాన్ని తొట్టి ఎదురుగా తన పక్క కుర్చీలో కూర్చోబెట్టేవారు. ఆ వరస నాకు న్యాయంగానే తోచేది. ఆ మనిషి ఆ రోజు నోరు విప్పినందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

మా డ్రాయింగుల మీద మూడు సంతకాల గడులుండేవి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. బిగించేవాడికి గడి లేదు. ఏం కడుతున్నామో అతనికి చెప్పే ఆనవాయితీ కూడా లేదు. సింహాచలానికి తొట్టిలో ఏముంటుందో నేను మొదటి రోజే చెప్పి ఉంటే ఆ వాల్వు దుకాణంలోనే ఉండిపోయేది. మరుసటి నెల నుంచి నా విభాగం డ్రాయింగుల మీద నాలుగో గడి గీయించాను. పని వివరం విన్నాక ఫిట్టరు అందులో సంతకం పెడితేనే డ్రాయింగు సామాను కొనుగోలుకి వెళ్లేది. అలాంటి గడిలో మొదటి సంతకం మాత్రం అంతకుముందే, సిద్ధగోరా తొట్టి కొత్త డ్రాయింగు మీద పడింది. సింహాచలం దాన్ని రెండుసార్లు చదివి, ఒక గొట్టం కొలత తప్పుందని చూపించి, అది దిద్దాకే పెట్టాడు.