మాస్టారు నన్ను అడిగిన అంగలు

ఒకప్పుడు నీకు ప్రాణంగా ఉన్న పాఠం ఇప్పుడు నోటికి చప్పగా తగులుతోందా? నిన్నే అడుగుతున్నాను, ఇది చదువుతున్న నిన్నే. తగిలినప్పుడు ఏం చేశావు? నేనేం చేశానో చెబుతాను, విను.

మా సోషల్ మాస్టారు పోయారు. గురువారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టి, అరుగు మీదే ఒరిగిపోయారట. రేవులో పంటు ఎక్కుతుండగా నాకు ఫోనొచ్చింది. సంచిలో బైబిలుంది. ఇరవయ్యేళ్ళుగా కంఠస్థం చేసినవాణ్ణి, ఒక్క వచనమూ నోటికి రాలేదు.

మాది గోదావరి పాయల మధ్య ఓ లంక. మాస్టారిది అక్కడే కొబ్బరి తోటలున్న రైతు కుటుంబం. హైస్కూల్లో మాకు భూగోళం చెప్పేవారు. ఏటా వరద తీశాక పిల్లల్ని వెంటబెట్టుకుని, బడి మెట్టు దగ్గర్నుంచి ఏటి గట్టు దాకా అంగలు వేయించి, ఆ కొలతతో లంక పటం కొత్తగా గీసేవారు. గట్టు కోతకి పోతున్న కొద్దీ ఏడాదికేడాది అంగలు తగ్గేవి. అచ్చు పటాల్లో మా లంక చీమ తలకాయంత కూడా కనపడదు. మన పటం మనమే గీసుకోవాలి, ఇంకెవడూ గియ్యడు అనేవారు.

ఎనిమిదో తరగతిలో మొదటిసారి గీసినప్పుడు నేను ముందు లంక గీసి, చుట్టూ నీలం రంగు పూశాను. లంకలో పుట్టిన ప్రతివాడూ చేసే తప్పే. మాస్టారు రబ్బరుతో మొత్తం చెరిపేశారు.

"ముందు నీరు గియ్యరా. మిగిలిందే మనది."

నా అంగ ఎప్పుడూ ఒకేలా పడుతుందని కొలత పని నాకే ఇచ్చేవారు. "వీడివి కాళ్ళు కాదండి, టేపు" అని తోటి మాస్టర్లకి గొప్పగా చెప్పేవారు. పెద్దయ్యాక సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగమే చేస్తానని నేను అప్పుడే తేల్చేసుకున్నాను.

పదో తరగతి ఏడాది వరద మా అరటితోటనీ, దాని వెనకున్న మా ఇంటినీ తీసుకుపోయింది. వరద తీశాక ఎప్పటిలాగే కొలిచాం. గట్టు గీత మా ఇల్లున్న చోటు మీదుగా వెళ్ళాలి. పెన్సిలు ఆగిపోయింది. మాస్టారు భుజం మీద చెయ్యేశారు.

"గియ్యి నాన్నా. నీరెక్కడుంటే అక్కడే గియ్యాలి."

గీశాను. వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాను. ఆ గీతతోనే నాలో ఏదో ఆరిపోయిందని అప్పుడు తెలియలేదు.

రాజమండ్రిలో డిగ్రీకి ఫారం నింపిందీ, భూగోళం తీసుకోమన్నదీ మాస్టారే. అక్కడ అట్లాసు తెరిస్తే ఆవులింతలు. ఇష్టం మళ్ళీ రావాలని ప్రార్థించాను, ఉపవాసాలున్నాను. రాలేదు. రెండో ఏడు మధ్యలో మానేశాను. మానేసి కూడా, "బాగా చదువుతున్నానండి" అని నెలల తరబడి ఆయనతో బొంకాను. చివరికి అరుగు ముందు తలొంచుకుని నిలబడ్డాను.

"రుచి పోయిందా?" అన్నారు.

"పోయిందండి."

"జ్వరమొచ్చినోడికి అన్నం చేదు. అన్నం తప్పూ కాదు, నోటి తప్పూ కాదు. ఎండలో నిలబడ్డావేంటి, ఇలా వచ్చి కూర్చో."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత నేను ఈ సువార్త మార్గాన పడ్డాను. పగలు కొబ్బరి ఒలుపు, సాయంత్రం పందిళ్ళలో వాక్యం చెప్పడం. ఏ పాఠశాలా నాకిది నేర్పలేదు. గోరువెచ్చని మనసుని దేవుడు భరించడని మైకులో గర్జించేవాణ్ణి. అది మాస్టారి అరుగు దాకా వినపడేది. మర్నాడు ఎదురైతే ఊరుకునేవారా!

"ఏవయ్యా పాస్టరుగారూ, మీ దేవుడు సముద్రాన్నే చీల్చాడంటగా. మన గట్టు కాడ కాస్త ఆగమని ఏటికి చెప్పించకూడదూ?"

"నేను పాస్టర్ని కాదండీ."

"పోన్లే, సిఫార్సు చేద్దూ!"

నవ్వేసేవారు. కానీ ఏటా వరద తీశాక మాత్రం నవ్వకుండా ఒక్క మాట అడిగేవారు: "రేపు అంగలెయ్యడానికి వస్తావేంట్రా?" "మీటింగుందండి" అనేవాణ్ణి. చాలాసార్లు ఏ మీటింగూ ఉండేది కాదు. ఇష్టం తిరిగొచ్చాక వెళ్దామనుకున్నాను. రిటైరయ్యాక ఆయన ఒక్కరే నడిచి, ఒక్కరే గీసుకున్నారు.

ఈ ఏడు మోకాళ్ళు పట్టేశాయి. "నావి లాగట్లేదురా. నువ్వు నడిచొచ్చి చెప్పు, నేనిక్కడ కూర్చుని గీసుకుంటాను" అన్నారు. "ఆదివారం ఆరాధనయ్యాక వస్తానండి" అన్నాను. ఆదివారం వచ్చింది, వెళ్ళింది. నేను వెళ్ళలేదు. గురువారం ఆయనే వెళ్ళిపోయారు.

తోటలో పని చెయ్యమంటే సరేనని, తీరా వెళ్ళని కొడుకు కథ వాక్యంలో ఉంది. ఎన్ని పందిళ్ళలో చెప్పానో! వేలు ఎదుటివాళ్ళ మీదే చూపించాను.

పెద్దకర్మ నాడు మాస్టారి భార్య ఒక డ్రాయింగు షీటు తెచ్చి నా చేతిలో పెట్టారు. మూడు వైపులా నీరు గీసి ఉంది. తూర్పు గట్టు ఖాళీ.

"నువ్వొస్తావని అట్టే పెట్టారు బాబూ" అన్నారావిడ.

అట్నుంచటే బడి దగ్గరికి వెళ్ళి మెట్టు మీంచి నడిచాను. అంగ తప్పలేదు. గట్టు చేరాను, లెక్క తేలింది. ఎవరికి చెప్పను? ఇంటికొచ్చి పెన్సిలు తీశాను, మళ్ళీ పక్కన పెట్టేశాను. ఆ షీటు అలాగే ఉంది.

ఇష్టం ఇప్పటికీ తిరిగి రాలేదు. రప్పించడం నా వల్ల కాలేదు, నా ప్రార్థన వల్లా కాలేదు. కానీ మాస్టారు నన్ను ఇష్టం అడగలేదు. కాళ్ళు అడిగారు. అవి నా దగ్గర ఉన్నాయి, ఎప్పుడూ ఉన్నాయి.

నీకు చదువు చెప్పిన మనిషి ఎక్కడో ఓ అరుగు మీద నీ కోసం చూస్తున్నారా? మనసు వెచ్చబడేదాకా ఆగకు. ఆదివారం అనకు. ఆ చప్పటి మనసుతోనే లే. ఈ కాగితం అక్కడ పడేసి చెప్పులు తొడుక్కో. ఇవాళే వెళ్ళు, ఇంకా వెలుతురుంది.